కుంచె కడిగే జాగ

దసరా దగ్గర పడింది. ఈ వారం మా యూసుఫ్‌గూడ వీధిలో మ్యాన్‌హోల్ మూత సందులోంచి తెల్లటి నీళ్ళు పొంగాయి. ఎదురింట్లో రంగులు వేస్తున్నారు. రోలర్లూ బకెట్లూ బాత్రూంలోనే కడిగేశారు. ఒళ్ళు మండింది. వీధిలో పొంగినవీ మా పేట వాన నీళ్ళతోపాటు అమీర్‌పేట మీదుగా హుస్సేన్‌సాగర్ వైపే పారతాయి.

ఎమల్షన్ నీళ్ళలో కలిసిపోతుంది కదా, ఏం కాదులే అనుకుంటారు. నీళ్ళు పోతాయి, అందులోని అక్రిలిక్ జిగురూ తెల్లపొడీ పైపు వంపులో పేరుకుని, జిడ్డుతో కలిసి గట్టిపడతాయి. ఎనామిల్‌తో వచ్చే థిన్నర్ ఇంకా ప్రమాదం. దాని ఆవిరి గాలికన్నా బరువు, మ్యాన్‌హోల్ అడుగున చేరుతుంది, ఇట్టే అంటుకుంటుంది. రక్షణ పరికరాలు లేకుండా అందులోకి మనిషిని దించొద్దని 2013లోనే చట్టం వచ్చినా, అలా దిగేవాళ్ళు ఇంకా ఉన్నారు.

మా అమ్మమ్మ ఊళ్ళో సంక్రాంతికి వెల్ల వేసేవారు. కుండలో సున్నపురాళ్ళు కుతకుతలాడుతుంటే అమ్మమ్మ పిల్లల్ని దూరంగా తరిమేది. చల్లారాక గోనెపట్టాలో వడగట్టి, చిటికెడు నీలిమందు కలిపేది. ఈతమట్ట చివర దంచి చేసిన కుంచెతో గోడంతా తానే పూసేది. పని అయ్యాక కుంచె కడిగిన నీళ్ళు పెరట్లో ఓ మూల గుంటలో పోసేది. మళ్ళీ సున్నానికే వెళ్తే పోలా అనిపించింది. కానీ అదే సున్నం ఇవాళ సింకులో పోస్తే గాలి తగిలి రాయై పైపును పట్టేస్తుంది. అప్పుడు పెరడుంది కాబట్టి చెల్లింది.

బాత్రూంలో ఎందుకు కడిగావని ఎదురింటి పెయింటర్‌ని అడిగాను. “మరి యాడ కడగమంటరు సార్? జాగ చూపియ్యున్రి” అన్నాడు.

ఆ మాటకు ఎదురింటివాళ్ళ దగ్గరా జవాబు లేదు, నా దగ్గరా లేదు. చదరపు అడుగుకింతని బేరమాడతాం. కడిగే పనికి కూలి లెక్కకట్టం.

దారి ఉంది. ముందు కుంచెను పాత పేపరుకు గట్టిగా తుడవాలి. బకెట్లో కడిగి, ఆ నీళ్ళలో కాస్త పటిక పొడి కలిపి రాత్రంతా కదపకుండా వదిలేయాలి. రంగు అడుగున పేరుకుంటుంది. పైన తేట వంపేయొచ్చు. ముద్దను ఎండబెట్టి డబ్బాలతోపాటు వేరుగా చెత్తబండికి ఇవ్వాలి. ఖాళీ పెయింటు డబ్బాలను ఇళ్ళలోని ప్రమాదకర వ్యర్థాల్లో 2016 నాటి నిబంధనల్లోనే చేర్చారు. వాడిన థిన్నర్‌కు మూతపెట్టి ఉంచితే మడ్డి దిగుతుంది. పైది మళ్ళీ కుంచెలు కడగడానికి పనికొస్తుంది.

కాబట్టి పెయింటర్ మీద కేకలేసే హక్కు మనకు లేదు. రేటు మాట్లాడుకునే రోజే రెండు బకెట్లూ పటికా పెట్టి, జాగ చూపించి, ఆ పనికీ కూలి ఒప్పుకోవాలి. ఇంటి రంగు ఖర్చులో అదీ భాగమే.