తెరమీద తిరువయ్యారు

నడుము పట్టేసి లేవలేక, ఈసారి త్యాగరాజ ఆరాధన ఇంట్లో పడుకునే టీవీలో చూశాను. దానివల్ల ఒక లాభం లేకపోలేదు. పందిట్లో కూర్చున్నవారికి అందని గాయకుల పెదవుల కదలిక తెరమీద దగ్గరగా కనిపించింది.

నాటలో మొదలైన పంచరత్న గోష్ఠి శ్రీరాగంతో ముగిసేదాకా స్వరం చెదరలేదు. చెదిరింది మాట. గౌళ కృతిలో త్యాగయ్య తన తప్పులన్నీ తానే రాముడి ముందు ఏకరువు పెట్టుకుంటాడు. సిగ్గుతో గొంతు తగ్గవలసిన ఆ చోట గోష్ఠి ఊరేగింపులా సాగిపోయింది. కెమెరా ఆ సమయాన పట్టుచీరల మీద ఉంది. సాహిత్యం ఒక్క అక్షరమైనా తెరమీదికి రాలేదు.

గాయకులను తప్పుపట్టను. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. త, ద లకూ అంతే. తేడా తెలియడానికి కీర్తనల పుస్తకాల్లో అక్షరం పక్కన అంకెలు వేస్తారు. ఆ అంకెలు చూసుకుంటూ తమది కాని భాషను కంఠస్థం చేసినవారు వారిలో ఎందరో!

మరి మనమో? త్యాగయ్యా మనలాగే ఆంధ్రదేశం బయటి తెలుగువాడే. తిరువారూరులో పుట్టి, 1847లో తిరువయ్యారులో కన్నుమూసేదాకా కావేరి సీమలోనే ఉండి తెలుగులో రాశాడు. మన పిల్లల్లో చాలామందికి ఆ తెలుగు చెవికే తెలుసు, కంటికి తెలియదు. పాట సాగుతుండగా సాహిత్యాన్ని తెలుగు లిపిలో, దాని కింద తమిళంలో వేయడం టీవీవారికి పెద్ద పనేం కాదు. వారు వేసేదాకా, పుష్య బహుళ పంచమినాడు పిల్లల చేతికి తెలుగు కీర్తనల పుస్తకం ఇచ్చి టీవీ ముందు కూర్చోబెట్టడం మన పని.