బడిపంతులు ఇల్లూ, మన మిద్దె మీది చువ్వలూ

ఉగాది వెళ్లిన తరువాత ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఊరి మందిరం పక్క గదిలో 'బడిపంతులు' సినిమా వేశారు. పిల్లల చెవిని నాలుగు తెలుగు మాటలు పడాలని పెద్దల ఆశ. 1972లో వచ్చిన బొమ్మ అది. పి. చంద్రశేఖర రెడ్డి దర్శకత్వం. ఎన్.టి. రామారావు పంతులుగా, అంజలీదేవి ఆయన ఇల్లాలుగా నటించారు. 1958లో బి.ఆర్. పంతులు కన్నడంలో తీసిన 'స్కూల్ మాస్టర్' దీనికి మూలం. గదిలో ముప్ఫై మందిమి ఉన్నాము. తెలుగు పూర్తిగా అర్థమయ్యేవాళ్లు అందులో సగం లేరు. తక్కినవాళ్లకు పక్కనున్నవాళ్లు క్రియోల్‌లో చెబుతూ వచ్చారు. అయినా కొడుకులు తల్లినొకరు, తండ్రినొకరు పంచుకునే ఘట్టం వచ్చేసరికి ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పవలసిన అవసరం లేకపోయింది.

బొమ్మ అయిపోయి టీ తాగుతుండగా వాదం మొదలయింది. "చూశారా, పెంచి పెద్ద చేసినందుకు ఫలం!" అన్నారు ఒక పెద్దాయన. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రవాడొకడు ఊరుకోలేదు. "పెదనాన్నా, వాళ్లు చేసింది తప్పే. కానీ నా జీతంతో పది పెర్చుల నేల కొనాలంటే ఎన్నేళ్లు పడుతుందో ఒక్కసారి లెక్క వేయండి. నాన్న చెయ్యి వేయకపోతే నాకు ఇల్లు లేదు. వేస్తే, బతికినన్నాళ్లూ ఆ మాట పడాలి," అన్నాడు. పెద్దాయన టీ కప్పు కింద పెట్టి లేచి వెళ్లిపోయారు. ఎదిగిన పిల్లలకు తల్లిదండ్రులు డబ్బు బాకీ ఉన్నారా? ఉంటే ఎంతవరకు? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని బొమ్మను ఇంట్లో మరొకసారి చూసి, మాకు తోచిన నాలుగు మాటలు పాఠకుల ముందు పెడుతున్నాము.

ముందుగా మంచి చెప్పుకోవాలి. ఈ చిత్రంలో పంతులు దేవుడు కాడు, జీతం మీద బతికే మనిషి. జీతం ఆగిపోయిన రోజు నుంచి ఇంట్లో ఆయన మాట విలువ ఎలా తగ్గుతుందో చిత్రం నిదానంగా చూపిస్తుంది. అప్పు తీరక ఇల్లు పోతుంది. ముసలితనంలో ఆలుమగలు విడిపోయి చెరొక కొడుకు పంచన చేరవలసి వస్తుంది. ఆ ఎడబాటులో రామారావు, అంజలీదేవి పెద్దగా ఏడవరు. ఒకరి కబురు కోసం ఒకరు ఎదురు చూస్తారు, అంతే. అందుకే యాభై ఏళ్లు దాటినా ఆ ఘట్టం పాతబడలేదు. మా గదిలో ముక్కు చీదిన వాళ్లలో కొడుకులూ ఉన్నారు, కోడళ్లూ ఉన్నారు.

ఇక లోపం. పంతులు నిర్దోషి, కొడుకులు దోషులు అని చిత్రం మొదటే తీర్పు రాసిపెట్టుకుంది. తీర్పు ముందే ఉన్నప్పుడు విచారణకు చోటు ఉండదు. తండ్రి తన ముసలితనానికి ఏమి మిగుల్చుకున్నాడు? ఇచ్చినప్పుడు ఏ మాట మీద ఇచ్చాడు? భార్యను అడిగి ఇచ్చాడా? ఈ లెక్కల దగ్గర చిత్రం నిలవదు. చివరికి ఒక పాత శిష్యుడు పెద్ద ఉద్యోగి అయి వచ్చి ఆదుకుంటాడు. గురువుకు అది గొప్ప సత్కారమే, కాదనము. కానీ మన దీవిలో బస్సు కండక్టరుకూ, చెరకు తోటలో పనిచేసి దిగిపోయిన తండ్రికీ అటువంటి శిష్యుడు ఎక్కడి నుంచి వస్తాడు? కన్నీటికి ఒప్పిన ముగింపు అది. కాపురానికి పనికొచ్చేది కాదు.

ఈ పక్షపాతం ఒక్క సినిమాది కాదు. మన కథలు చాలావరకు కొడుకు ఏమి ఇచ్చాడనే అడుగుతాయి. నన్నయ ఆదిపర్వంలోని యయాతినే తీసుకోండి. ముసలితనం మీద పడిన తండ్రి ఎదిగిన కొడుకులను యౌవనమే ఇమ్మని అడుగుతాడు. కాదన్నవాళ్లకు శాపం, ఇచ్చిన పూరునికి రాజ్యం. అడగడం న్యాయమా అని మన పురాణ కాలక్షేపాల్లో ఎవరైనా ప్రశ్నించగా మేము వినలేదు. రాజ్యం ఇవ్వడం కూడా అక్కడ బేరంగానే ఉంది. ఇచ్చిన కొడుక్కు దక్కింది, ఇవ్వని కొడుక్కు దక్కలేదు. తండ్రి బాధ్యత అనేది ఆ లెక్కలో లేనే లేదు.

ఇంటి పద్దు పుస్తకం విప్పి చూపించిన తెలుగు రచన ఏదంటే, మా దృష్టిలో గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం'. 1892లో విజయనగరంలో మొదట ఆడారు. ఈనాడు మనం చదివే పెద్ద రూపం 1909లో వచ్చింది. మన ముత్తాతల్లో ఎంతోమంది ఓడ ఎక్కింది ఆ ఉత్తర కోస్తా నుంచే. అందుకే ఆ నాటకంలోని ఇళ్లు మనకు పరాయివి కావు. గిరీశం మాటలకు అందరం నవ్వుతాము. కానీ అగ్నిహోత్రావధాన్లు సణుగుడు వినండి. కొడుకు వెంకటేశం ఇంగ్లీషు చదువుకు డబ్బు పోతోందని ఆయన గోల. ఆ కొడుకు పరీక్ష తప్పాడు. అప్పులవాళ్లను తప్పించుకోవడానికి ఆ చదువు చెప్పే గిరీశమే శిష్యుడి వెంట ఊరికి వచ్చి, ఆ ఇంట్లోనే తిని కూర్చున్నాడు. పెద్ద కూతురు బుచ్చమ్మ అప్పటికే విధవ. చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు డబ్బుకు ఇవ్వడానికి తండ్రి ఒప్పుకున్నాడు. కొడుకు చదువు ఏ సంచిలో నుంచి పోతోందో కూతురి వెల ఆ సంచిలోకే వస్తోంది.

గురజాడ ఎక్కడా ఉపన్యాసం చెప్పలేదు. ఇద్దరు పిల్లల లెక్క ఒకే ఇంట్లో పక్కపక్కన పెట్టారు, అంతే. 'బడిపంతులు'లో మాకు కనపడనిది ఇదే. పిల్లలకు పెట్టిన డబ్బు గురించి మాట్లాడేటప్పుడు తండ్రి, కొడుకు అని ఇద్దరినే నిలబెడితే సగం మాట్లాడినట్టే. ఆ డబ్బు మీద తల్లికీ ఆడపిల్లకూ హక్కు ఉందా లేదా అన్నది మిగతా సగం.

ఇప్పుడు మన దీవికి వద్దాము. 1834 తరువాత కూలి ఒప్పందాల మీద వచ్చిన మన పెద్దలకు నెలకు అయిదు రూపాయల కూలి. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోత. ఆ తండ్రి ఎదిగిన కొడుక్కు ఏమి ఇవ్వగలడు? ఎస్టేటు కాంపులో పక్క గది, చేతికి కత్తి. తండ్రి బాకీ అన్న మాటే ఆనాడు పుట్టలేదు. పంతొమ్మిదో శతాబ్దం చివర చక్కెర ధర పడిపోయి ఎస్టేట్ల వాళ్లు అంచుల్లోని నేలలను ముక్కలు చేసి అమ్మినప్పుడు, కడుపు కట్టుకుని కూడబెట్టిన వాళ్లు వాయిదాల మీద కొన్నారు. ఆ నేలతోనే ఈ మాట పుట్టింది. ఇవ్వడానికి ఒకటి ఉన్నప్పుడే గదా ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న!

ఆ తరువాతి కథ మన మిద్దెల మీద రాసి ఉంది. ఏ ఊరికైనా వెళ్లి తల ఎత్తి చూడండి. కింద కాపురం, పైన చదును కప్పు, ఆ కప్పు మీద ఆకాశానికి నిలబడిన ఇనుప చువ్వలు. ఇల్లు పూర్తికాక కాదు. పై అంతస్తు కొడుక్కని తండ్రి మాట ఇచ్చాడన్నమాట. కొడుకు నడక నేర్వకముందే ఆ మాట ఇచ్చేశాడు. వానకు తుప్పు పడుతూ ఇరవై ఏళ్లు ఆ చువ్వలు ఎదురు చూస్తాయి. పరాయి దేశస్థుడు చూసి నవ్వుకోవచ్చు. ఆ చువ్వల్లో ఎంత ప్రేమ ఉందో మనకు తెలుసు. ఎంత పట్టు ఉందో మన కొడుకులకు తెలుసు.

చట్టం ఏమంటోందని అడిగేవాళ్లున్నారు. మన సివిల్ కోడ్ 1804 నాటి నెపోలియన్ కోడ్ సంతానం. ఆ కోడ్‌లో మూడు మాటలు వరుసగా ఉన్నాయి. పిల్లలకు తిండి పెట్టి, పోషించి, పెంచడం ఆలుమగలిద్దరి బాధ్యత అని 203వ అధికరణం. పెళ్లికో, స్థిరపడడానికో డబ్బు ఇమ్మని బిడ్డ తల్లిదండ్రుల మీద దావా వేయడానికి లేదని 204. అక్కరలో ఉన్న కన్నవాళ్లకు పిల్లలు అన్నం పెట్టాలని 205. ఈ తిండి బాధ్యత రెండు వైపులా ఉంటుందని ఆ వెంటనే 207 చెబుతోంది. అంటే అన్నం బాకీయే, ఇల్లు బాకీ కాదు. రోగమొచ్చి, పని పోయి, నిజంగా అక్కరలో పడిన బిడ్డకు వయసు ఎంతైనా కన్నవారి గడప ఉంది. పై అంతస్తు మాత్రం హక్కు కాదు. రెండు వందల ఏళ్ల నాటి పరాయి చట్టం మన బొమ్మకంటే స్పష్టంగా మాట్లాడిందని ఒప్పుకోక తప్పదు.

మరొక మాట కూడా ఆ చట్టంలో ఉంది. తండ్రి పోయాక ఆస్తిలో పిల్లలకు తప్పని వాటా ఉంటుంది. ఒక బిడ్డ ఉంటే సగం, ఇద్దరుంటే మూడింట రెండు పాళ్లు, ముగ్గురూ ఆపైన ఉంటే నాలుగింట మూడు పాళ్లు. కొడుకనీ కూతురనీ అందులో భేదం లేదు. కానీ మనవాళ్లు సిమెంటు పోసేది బతికి ఉండగా, చట్టం లెక్క కట్టేది పోయిన తరువాత. అప్పుడు ఆ లెక్క అడిగితే అన్నకు కోపం, ఊరికి అప్రతిష్ఠ. అందుకని ఆడపిల్ల అడగదు. ఆమె అడగకపోవడాన్ని మనం ఒప్పుకోలు అనుకుంటాము.

కాలం కూడా మారింది. సెకండరీ చదువు 1977 నుంచి మన దేశంలో ఉచితం. ప్రభుత్వ సంస్థల్లో మొదటి డిగ్రీకి 2019 నుంచి ఫీజు లేదు. వృద్ధులందరికీ పింఛను 1958లో మొదలయింది. చదువు భారం ఇంతగా తగ్గినా తండ్రులు తేలికపడలేదు. మిగిలింది ఫ్రాన్సులోనో, ఆస్ట్రేలియాలోనో చదువుకు పోయింది, పెళ్లి పందిట్లో పోయింది, పై అంతస్తులో పోయింది. ఉద్యోగం దిగిన రోజు చేతికొచ్చే మొత్తాన్ని ఆ వారమే మేస్త్రీ చేతిలో పెట్టిన వాళ్లను మేము ఎరుగుదుము. పింఛను వయసును అరవై నుంచి అరవై అయిదుకు మెల్లమెల్లగా పెంచుతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించిన తరువాత, ఈ అలవాటు వట్టి ప్రేమ కాదు, ప్రమాదం కూడా. ఉన్నదంతా ఇచ్చి రేపు కొడుకు చేతికేసి చూసే తండ్రి, తెలియకుండానే కొడుకు నెత్తిన అప్పు పెడుతున్నాడు. 'బడిపంతులు' కొడుకులను తయారుచేయడంలో ఆ తండ్రి చెయ్యి కూడా కొంత ఉంది.

అట్లాగని, పద్దెనిమిది నిండగానే బిడ్డను వాకిట్లోకి పంపి తలుపు వేసుకొమ్మని మేము చెప్పడం లేదు. ఆ కుర్రవాడి మాటలో నిజం ఉంది. మన కాలంలో కూలివాడు కూడబెట్టి నేల కొన్నాడు. ఈ కాలంలో గుమాస్తా జీతానికి నేల అందడం లేదు. సాయం చేయగలిగినవాడు చేయాలి. అయితే చేసేది ఏమిటో దాని పేరు పెట్టి పిలవాలి. కాళ్ల మీద నిలబడేవరకు చదువు, కష్టంలో అన్నం, ఈ రెండూ బాకీ. వాటిని జీవితమంతా దెప్పే హక్కు ఏ తండ్రికీ లేదు. ఇల్లు, పెళ్లి, వ్యాపారానికి పెట్టుబడి, ఇవి కానుకలు. అడిగే హక్కు ఏ కొడుక్కూ లేదు. కానుక అయితే తల్లికి తెలిసి ఇవ్వాలి, ఆడపిల్లకూ అదే కొలతతో ఇవ్వాలి, తమ అన్నానికీ మందుకూ మిగుల్చుకుని ఇవ్వాలి. అప్పు అయితే అప్పని కాగితం మీద రాసుకోవాలి. బాకీని కానుక అని చెప్పుకునే తండ్రీ, కానుకను బాకీ అనుకునే కొడుకూ ఒకే ఇంట్లో ఉంటే, ఆ ఇంటిని ఏ పాత శిష్యుడూ నిలబెట్టలేడు.

ఇదంతా ఇతరులకు చెప్పి తప్పించుకునే ఉద్దేశం మాకు లేదు. మేమూ మిద్దె మీద చువ్వలు వదిలినవాళ్లమే. రెండోసారి బొమ్మ చూసిన రాత్రి మా అమ్మాయి కూడా పక్కనే కూర్చుంది. అయిపోయాక లేచి, "నాన్నా, మన పైన చువ్వలున్నాయి గదా, అన్నయ్యకు. మరి నేను వెనక్కి రావలసి వస్తే ఎక్కడికి రావాలి?" అని అడిగింది. కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. మాకు వెంటనే జవాబు తోచలేదు. మా ఇంటావిడ మా మొహంకేసి చూస్తూ ఉండిపోయింది. మరునాడు నలుగురం కూర్చుని, ఇంతవరకు ఎవరికి ఎంత పెట్టామో ఒక పుస్తకంలో రాశాము. అంకెలు చూసి మాకే సిగ్గు వేసింది. పై అంతస్తు మాట ప్రస్తుతానికి ఆపాము. కొడుకు మొదట ముఖం ముడుచుకున్నాడు. మూడు రోజుల తరువాత, "నాన్నా, నా మీద ఇంత బరువుందని నాకు తెలియదు. ఇప్పుడు తేలికగా ఉంది," అన్నాడు.

'బడిపంతులు' చూడదగిన బొమ్మ. ప్రతి ఊరి మందిరంలోనూ వేయవలసిన బొమ్మ. వేసినప్పుడు ఒక్క మనవి. అయిపోగానే కళ్లు తుడుచుకుని ఇళ్లకు పోకండి. టీ పోసి, తండ్రులనూ కొడుకులనే కాక తల్లులనూ కూతుళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడించండి. 'కన్యాశుల్కం' దొరికితే వెంకటేశం, సుబ్బిల ఇంటి ఘట్టం ఒకటి చదివించండి. మా ఊరి పెద్దాయన ఆ రోజు లేచి వెళ్లిపోయారని రాశాము గదా. తరువాతి ఆదివారం ఆయనే మళ్లీ వచ్చి ఆ కుర్రవాడి పక్కన కూర్చుని, "నీ లెక్క చెప్పరా, వింటాను," అన్నారు.