వయోజన ఆంగ్లాభ్యాసకుల పఠనసామగ్రి: భాషాసారళ్యం, విషయగౌరవం

వయోజనులకు ఆంగ్లం నేర్పే వాచకాలలో ప్రధానలోపం భాషలో కన్నా విషయంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. అభ్యాసకులకు తెలిసిన ఆంగ్లపదాలు కొద్ది గనుక వారి ఆలోచన కూడా కొద్దిదేనన్న భావన అనేక పాఠాల వెనుక పనిచేస్తుంది. ముప్పై ఏళ్ళు సంసారాన్నీ సేద్యాన్నీ నడిపిన మనిషి చేతికి, పిల్లి చాపమీద కూర్చున్నదన్న వాక్యం అందుతుంది. ఉపాధ్యాయులు తమ తరగతికి తగిన పఠనసామగ్రిని స్వయంగా రూపొందించుకోవలసిన అవసరం ఇక్కడే ఏర్పడుతున్నది.

ఈ పనికి భాషాపరమైన పునాది వేసినవారిలో మైకేల్ వెస్ట్ ముఖ్యుడు. ఢాకాలో ఉపాధ్యాయశిక్షణ రంగంలో పనిచేస్తూ 1926లో ‘బైలింగ్వలిజం’ అనే గ్రంథాన్ని ప్రకటించాడు. కొత్తపదాలు ఒకదానిపై ఒకటి వచ్చిపడటంవల్ల విద్యార్థుల పఠనం ముందుకు సాగడంలేదని గుర్తించి, వాటిమధ్య దూరం పెంచి, నేర్చిన పదం మళ్ళీ మళ్ళీ తగిలేలా రీడర్లు రచించాడు. 1953లో వెలువడిన అతని ‘జనరల్ సర్వీస్ లిస్ట్’ దాదాపు 2000 పదాల పట్టిక. ఇతరుల సహాయం లేకుండా చదివి గ్రహించాలంటే పాఠంలోని పదాలలో సుమారు 98 శాతం తెలిసి ఉండాలని హూ, నేషన్‌ల అధ్యయనం 2000లో సూచించింది. అంటే 300 పదాల పాఠంలో తెలియనివి ఆరుకు మించకూడదు. ఉపాధ్యాయునికి ఇది అక్కరకు వచ్చే లెక్కే. అయితే పాఠం ఎవరి పక్షాన మాట్లాడుతున్నదో ఏ పదపట్టికా చెప్పలేదు.

ఆ ప్రశ్నను సూటిగా వేసినవారు ఎల్సా ఆవర్‌బాక్, డెనిస్ బర్జెస్. అమెరికాకు వలసవచ్చిన వయోజనులకోసం తయారైన నిత్యజీవన ఆంగ్లవాచకాలను వారు 1985లో ‘టెసోల్ క్వార్టర్లీ’లో పరిశీలించారు. ఆ పాఠాలు అభ్యాసకులను అణకువగల పనివారి పాత్రకు అలవాటు చేస్తున్నాయనీ, వారికి నిజంగా ఎదురయ్యే ఇబ్బందులను దాటవేస్తున్నాయనీ వారి విమర్శ. ఇది నేటికీ పదునైన విమర్శే. ఆజ్ఞను పాటించే భాష సులభమనీ, ప్రశ్నించే భాష కఠినమనీ అనడానికి ఆధారం లేదు. ‘వై ఈజ్ మై పే లెస్ దిస్ వీక్?’ అన్న వాక్యంలో ప్రారంభదశకు మించిన పదం ఒక్కటీ లేదు. ఆ వాక్యం వాచకంలో లేకపోవడానికి భాషాకాఠిన్యాన్ని కారణంగా చూపలేము.

సరళమైన పాఠానికి ఎంత శక్తి ఉంటుందో తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. 1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమ వాచకాలలోని సీతమ్మ కథకూ, దూబగుంట మహిళల సారా వ్యతిరేక పోరాటానికీ ఉన్న సంబంధం సుపరిచితమే. అది మాతృభాషలో అక్షరాలు నేర్పిన పాఠం. పరభాషాబోధనతో దానికి పూర్తి సామ్యం లేదు. అయినా కొత్తగా చదవనేర్చినవారి ముందు వారి బతుకునే చర్చకు పెట్టవచ్చునన్న విషయం అక్కడ రుజువైంది.

అభ్యాసకులు చెప్పినదాన్ని ఉపాధ్యాయుడు రాసి, దానినే పాఠంగా చదివించే అనుభవాధారిత పద్ధతి ఈ దిశలో మేలైనది. కాని అందులో ఒక చిక్కు ఉన్నది. చెప్పినది చెప్పినట్లే రాస్తే తప్పు వాక్యం పాఠమవుతుంది. దిద్ది రాస్తే పాఠం చెప్పినవారిది కాకుండా పోతుంది. వ్యాకరణాన్ని దిద్దవచ్చు, సంఘటనను దిద్దరాదు అన్న హద్దు ఇక్కడ ఆచరణీయం. కోపంతో చెప్పిన మాటను మర్యాదగా మార్చడం భాషాసవరణ కిందికి రాదు. పైగా తమ అనుభవాన్నే ఎల్లకాలం చదువుకుంటే తెలియనిది తెలిసే అవకాశం సన్నగిల్లుతుంది. అందువల్ల అద్దె ఒప్పందం, జీతపుచీటీ, మరొకరి అనుభవకథనం వంటివి తోడు కావాలి. వాక్యాల జాబితాలతో నెలరోజుల్లో ఆంగ్లం వస్తుందనే పుస్తకాలను పఠనసామగ్రిగా లెక్కించలేము.

అభ్యాసకులు తెలుగువారైనప్పుడు స్థానికంగా తయారైన సామగ్రికి మరో ప్రయోజనం కలుగుతుంది. ‘నాకు జ్వరం’, ‘నాకు భయం’, ‘నాకు తెలుసు’, ‘నాకు ఇష్టం’ అన్నవాటిలో తెలుగుకు ‘నాకు’ ఒక్కటే చాలు. ఆంగ్లంలో అవి ‘ఐ హావ్ ఎ ఫీవర్’, ‘ఐ యామ్ అఫ్రెయిడ్’, ‘ఐ నో’, ‘ఐ లైక్’ అని వేర్వేరు దారులు పడతాయి. ఎక్కడి అభ్యాసకులకైనా పనికిరావాలని తయారైన రీడరు ఈ చిక్కును పట్టించుకోదు. పిల్లల వద్దకు విదేశం వెళ్ళిన తెలుగు తల్లికోసం రాసిన ఆసుపత్రి పాఠంలో ఈ నాలుగు రూపాలూ సహజంగానే పదేపదే వస్తాయి. ఆ పాఠంలో ఆమె మందుచీటీని చదవడం ఎలాగూ ఉంటుంది. ‘డు ఐ నీడ్ దిస్ మెడిసిన్?’ అని డాక్టరును అడగడమూ ఉండాలి.