కరక్కాయ వగరు, రెండు కలంకారీలు

శ్రీకాళహస్తి కలంకారీనీ పెడన కలంకారీనీ పక్కపక్కన పెట్టినప్పుడల్లా మన విమర్శ ఒకే దారి పడుతుంది. ఒకటి కలం, ఇంకొకటి అచ్చు. ఒకటి గుడి, ఇంకొకటి బజారు. ఇందులో తప్పేమీ లేదు గానీ పోలిక గుడ్డ పైపైనే ఆగిపోతుంది. రెండు చోట్లా బొమ్మ పడకముందే గుడ్డ కరక్కాయ నీళ్లలో మునుగుతుంది. ఆ కాయలోని వగరు, అంటే టానిన్, ఎవరికి ఏ విధంగా పనికొచ్చిందో చూస్తే అసలు తేడా తెలుస్తుంది.

టానిన్ మాంసకృత్తులనూ పట్టుకుంటుంది, లోహాలనూ పట్టుకుంటుంది. తంగేడు చెక్కతో పదును చేసిన తోలు కుళ్లకపోవడం మొదటి గుణం వల్ల. కలంకారీ నడిచేది ముఖ్యంగా రెండో గుణం మీద. నూలు తనంతట తాను పటికను గట్టిగా నిలుపుకోలేదు. ముందుగా కరక్కాయ పట్టిస్తే నిలుపుకుంటుంది.

శ్రీకాళహస్తిలో కరక్కాయ పొడికి గేదె పాలు తోడవుతాయి. పాలలోని కొవ్వు వల్ల గీత పాకదు. గుడ్డ ఆరాక చింతపుల్లల బొగ్గుతో నమూనా గీసుకుంటారు. వెదురు పుల్లకు చుట్టిన ఉన్నిని కసింలో ముంచి, వేళ్లతో కొద్దికొద్దిగా నొక్కుతూ అసలు గీత గీస్తారు. కసిం అంటే తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కలిపి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవం. పుల్ల మొనలో ఉన్నంతసేపూ అది మురికి నీళ్లలాగే కనిపిస్తుంది. గుడ్డలోని టానిన్ తగిలి, గాలి సోకాక నల్లబడుతుంది. పోగులోనే పుట్టిన నలుపు కాబట్టి చెరపడం కుదరదు. చేయి తడబడితే రాముడి ముక్కు అలాగే వంకరగా ఉండిపోవలసిందే. శ్రీకాళహస్తి గీతలో కనిపించే బిగువుకు భక్తి ఎంత కారణమో, ఈ దిద్దుబాటు లేని రసాయనం కూడా అంతే కారణం. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్ప చెట్టి వంటి వారి పనిని చూసి మనం గీతనే మెచ్చుకుంటాం. గీత కింద ఉన్న కరక్కాయ గురించి ఎక్కడా రాయం.

పెడనలో ఇదే కసిం చెక్క అచ్చుతో పడాలి. పలచగా ఉంటే పాకిపోతుంది గనక జిగురు కలిపి చిక్కబరుస్తారు. అచ్చు గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే మందంలో సాగుతుంది. ఈ లెక్కన శ్రీకాళహస్తితో పెడనకు పోటీ లేదు, ఆ మాట ఒప్పుకోవడమే మంచిది. పెడన బలం ఎరుపులో ఉంది. అచ్చుతో పటిక అద్దిన గుడ్డను ఎర్ర రంగు నీళ్ల కాగులో ఉడికిస్తారు. గుడ్డంతా కాగులో మునిగినా, టానిన్ పటికను ఎక్కడ పట్టి ఉంచిందో అక్కడే ఎరుపు గట్టిగా నిలుస్తుంది. శ్రీకాళహస్తిలోనూ ఎరుపు ఇలాగే వస్తుంది గానీ అక్కడ అది గీత మధ్య ఖాళీ నింపడానికే. పెడన పక్కనే ఉన్న మచిలీపట్నం రేవు నుంచి పర్షియాకూ యూరప్‌కూ వెళ్లిన పూల తీగెల బట్టల్లో ఎరుపే యజమాని. ఒకప్పుడు ఆ ఎరుపు చిరివేరుది. 1868లో జర్మనీలో అలిజరిన్‌ను కృత్రిమంగా తయారు చేశాక వేరు మెల్లగా తప్పుకుంది. వేరులో రంగునిచ్చేదీ ఆ అలిజరినే కాబట్టి ఈ మార్పును నేను మోసం అనలేను.

కాలం మాత్రం నలుపునూ ఎరుపునూ ఒకేలా చూడలేదు. ఇనుము, టానిన్ కలిసిన నలుపు ఏళ్ల మీద పోగును తినేస్తుంది. మ్యూజియాల్లోని పాత కోరమాండల్ తీరపు బట్టల్లో నల్ల గీత ఉన్న చోట నూలు తెగి, పక్కనున్న ఎర్ర పువ్వు చెక్కుచెదరకుండా ఉండటం చూడవచ్చు. కరక్కాయ పూల పసుపు ఇంకా బలహీనం. వెలుతురుకు అది వెలిసిపోయి, నీలి మీద పసుపు వేసి తెచ్చిన ఆకుపచ్చలు మళ్లీ నీలి ఆకులవుతాయి. అంటే శ్రీకాళహస్తి ప్రాణం పెట్టుకున్న నల్ల గీతనే వగరు కొరుకుతుంది. పెడన ఎరుపుకు ఆ గండం లేదు. కళగా చూస్తే నా ఓటు శ్రీకాళహస్తికే. బట్టగా, కట్టుకుని ఉతుక్కునే వస్తువుగా చూస్తే పెడనకు.

ఈ తగవులోకి రాకూడనిది ఒకటుంది. కరక్కాయ పట్టించని గుడ్డ మీద స్క్రీన్‌తో రసాయన రంగులు అద్ది, కలంకారీ పేరుతో సగం ధరకు అమ్ముతున్న సరుకు అది. డిజైన్ బాగుంటే కొనుక్కోండి, అభ్యంతరం లేదు. కలంకారీ ధర మాత్రం ఇవ్వకండి. కలమా, అచ్చా అని అడిగే ముందు గుడ్డకు కరక్కాయ పట్టించారా అని అడగండి.