వెనక్కి లెక్కపెట్టాల్సిన రోజు

సంతానం కోసం ఎదురుచూసే దంపతులకు ఇచ్చే పరీక్షల చీటీలో ‘21వ రోజు ప్రొజెస్టిరాన్’ అన్న మాట తరచుగా కనిపిస్తుంది. అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలిన తిత్తి కార్పస్ లూటియం అనే పసుపురంగు గ్రంథిగా మారి, పిండం నాటుకునేందుకు గర్భాశయాన్ని సిద్ధం చేస్తూ స్రవించే హార్మోనే ప్రొజెస్టిరాన్ కనుక, అది రక్తంలో పెరిగితే ఆ నెల అండం విడుదలైనట్టు లెక్క. అయితే 21 అన్నది 28 రోజులకు నెలసరి వచ్చే స్త్రీని దృష్టిలో పెట్టుకుని వేసిన అంకె. 35 రోజులకు వచ్చే స్త్రీలో అండం విడుదలయ్యేదే ఇంచుమించు 21వ రోజున కాబట్టి, ఆ రోజే రక్తం ఇస్తే ఏ లోపమూ లేని ఆమెకు అండం విడుదల కావడం లేదన్న ముద్ర పడే ప్రమాదం ఉంది; ఆమె రక్తం ఇవ్వాల్సింది 28వ రోజున, అంటే రాబోయే నెలసరికి 7 రోజుల ముందు.

జపాన్‌లోని నీగాతలో పనిచేసిన వైద్యుడు క్యూసాకు ఒగినో, శస్త్రచికిత్సల వేళ అండాశయాలను కళ్లారా పరిశీలించి, అండం విడుదలను గడిచిన నెలసరి నుంచి ముందుకు కాక రాబోయే నెలసరి నుంచి వెనక్కి లెక్కించాలనీ, అది 12 నుంచి 16 రోజుల ముందు జరుగుతుందనీ 1924లోనే ప్రకటించాడు. నూరేళ్లు దాటినా చీటీలు ముందుకే లెక్కపెట్టడం వింతే గాని, రాని నెలసరి తేదీ ముందుగా ఎవరికి తెలుసు?

ఆ చిక్కును కొంత విప్పేది మూత్రంతో చేసే ఎల్‌హెచ్ స్ట్రిప్. మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ రక్తంలో ఉప్పెనలా పెరగడం మొదలైన సుమారు 36 గంటలకు అండం విడుదలవుతుంది. ఆ పెరుగుదల ఎక్కువగా తెల్లవారుజామున మొదలై కొన్ని గంటల తరువాత గాని మూత్రంలోకి రాదు గనుక, చాలా స్ట్రిప్‌లకు మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపు, అంతకుముందు నీళ్లు ఎక్కువగా తాగకుండా పరీక్ష చేసుకోవడం మేలు. గర్భపరీక్షలో లేత గీత కూడా శుభవార్తే. ఇక్కడ మాత్రం పరీక్ష గీత పక్కగీతంత ముదురుగానో అంతకన్నా ముదురుగానో ఉంటేనే లెక్కలోకి వస్తుంది. అండం సక్రమంగా విడుదల కాని పీసీఓఎస్ అనే సమస్య ఉన్నవారిలో ఎల్‌హెచ్ మామూలుగానే ఎక్కువగా ఉండవచ్చు కాబట్టి గీత మోసం చేస్తుంది. వారికి తిత్తి ఎదుగుదలను రోజు మార్చి రోజు చూసే ఫాలిక్యులర్ స్కానే నమ్మకం. వీర్యకణాలు అయిదు రోజుల వరకూ బతుకుతాయి, అండం ఒక్కరోజుకు మించి నిలవదు గనుక, గీత ముదిరేదాకా ఆగిన దంపతులు అనువైన రోజుల్లో సగానికి పైగా అప్పటికే పోగొట్టుకుంటారు.

వీటన్నిటికీ ముందు మొదటి రోజు ఏదన్నది తేలాలి. వైద్యులకు అది రక్తస్రావం ధారాళంగా మొదలైన రోజు. తలస్నానం చేసిన రోజు నుంచి లెక్కపెట్టే ఇంట్లో ఆ తేడా మూడు నాలుగు రోజులుంటుంది, అండాశయాల పనితీరు తెలుసుకునేందుకు రెండో మూడో రోజున చేయాల్సిన ఎఫ్‌ఎస్‌హెచ్ హార్మోన్ పరీక్షను అదే తలకిందులు చేస్తుంది. అండాల నిల్వను సూచించే, ఎప్పుడైనా చేయించుకోగలిగిన ఏఎంహెచ్ పరీక్షకు ఈ బాధ లేదు. ప్రొజెస్టిరాన్ నివేదికపై మాత్రం ఆ తరువాత నెలసరి వచ్చిన తేదీని కూడా రాసి తీసుకువెళ్తే, మధ్యలో 7 రోజులకు బదులు 14 రోజులున్నట్టు తేలినప్పుడు, వైద్యులు ఆ అంకెను పక్కన పెట్టి మరో నెలలో పరీక్ష చేయిస్తారు.