కుంచె గీతలు

సినిమాల మీద, నవలల మీద విమర్శలు రాసేవాళ్లు బోలెడుమంది. కంప్యూటర్లో విమానానికి వేసిన రంగు మీద రాసేదాన్ని బహుశా నేనొక్కదాన్నేనేమో. నవ్వకండి!

మా నరసరావుపేటలో మా మరిదిగారబ్బాయి రెండు నెలలుగా ఒక మిగ్-21కి రంగు వేస్తున్నాడు. విమానం నడిపే ఆట ఉందిగా, సిమ్యులేటర్ అంటారు. అందులో విమానం వాళ్లే ఇస్తారు, పైరంగు మనం మార్చుకోవచ్చు. రెక్కలు, తోక, పొట్ట అన్నీ విడదీసి, కత్తిరించిన జాకెట్టు గుడ్డల్లా ఒక చదరపు బొమ్మ మీద పరుస్తారు. అక్కడ పూసిన రంగు వెళ్లి విమానానికి చుట్టుకుంటుంది. కుట్టు దగ్గర గీతలు కలవకపోతే అసహ్యంగా ఉంటుంది. మావాడికి ఒక్కచోట కూడా తప్పలేదు. రెక్కల మీద చక్రాలు చూడాలి. బయట కాషాయం, మధ్య తెలుపు, లోపల ఆకుపచ్చ, గీసినట్టు కుదిరాయి.

కింద "1971" అని రాశాడు. నా పేచీ అక్కడ మొదలైంది.

ఆ యుద్ధంలో మనవాళ్లు నడిపిన మిగ్-21 ఎఫ్‌ఎల్ రకం. దాని వీపు సన్నం. ఆటలో ఉన్నది బిస్ రకం, వీపు లావు. అది మన దళంలోకి 1970ల రెండో సగంలోగాని రాలేదు. అమ్మమ్మ పెళ్లి ఫోటోలో మనవరాలిని కూర్చోబెట్టినట్టుంది! పోనీ, ఆటవాళ్లు ఇచ్చిన ఒళ్లు అది, వాడేం చేస్తాడు? నేను ఒప్పుకోలేనిది ఆ రంగు నునుపు.

మా బాబాయి అప్పట్లో ఆ విమానాల దగ్గరే ఎయిర్‌మన్. ఎఫ్‌ఎల్‌లు మొదట వెండి గిన్నెల్లా తళతళలాడేవట. యుద్ధం ముంచుకొచ్చాక శత్రువు కంట పడకుండా హడావిడిగా రంగులు పూశారు. అందుకే ఆనాటి ఫోటోల్లో అన్నీ ఒక్కలా ఉండవు. 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నరు భవనం మీద రాకెట్లు వేసినవి ఆ మిగ్‌లే.

బాబాయిని తెర ముందు కూర్చోబెట్టాం. శుక్లాలు తీయించుకున్న కళ్లు. చాలాసేపు చూసి, "బాగుందిరా, షోరూములో కారులా ఉంది" అన్నారు. వాడు పొంగిపోయాడు. నాకు మాత్రం గుండె కలుక్కుమంది. పిడుగురాళ్ల సున్నం కొట్టిన గోడ మీద కూడా కుంచె ఎటు తిరిగిందో, చెయ్యి ఎక్కడ అలిసిందో తెలుస్తుంది. ఇందులో మనిషి చెయ్యేదీ?

నేనిలా అంటే వారం తిరక్కుండా ఒళ్లంతా తుప్పు, మసి పూసి తెచ్చాడు. "అల్యూమినియానికి తుప్పేమిట్రా? పైగా యుద్ధానికి ముందే వేసిన రంగు. పాతబడ్డానికి టైమేదీ?" అన్నాను. పాతదనం వేరు, తొందర వేరు. ఇది మావాడికే కాదు, ఈ పని చేసే చాలామందికి పట్టదు.

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పేశారు. ఇక మన రంగుతో అది ఎగరాలంటే ఇలాంటి తెరల మీదే.

మూడోసారి వేసిన రంగులో అంచులు కాస్త వంకర, ఒకచోట పలచన, ఒకచోట మందం. బాబాయి ముందుకి వంగి, తోక దగ్గర తెర మీద వేలు పెట్టారు.

"ఇక్కడ కుంచె వెంట్రుక ఒకటి ఊడి అంటుకుపోయిందిరా. తీద్దామంటే సార్ కేకలేశాడు, వదిలేశాను."

వాడు మారు మాట్లాడకుండా ఆ వెంట్రుక గీశాడు.

"ఇంకాస్త పొడుగు" అన్నారు బాబాయి.