పక్క బెంచీ పిల్ల

ఆడపిల్ల చదువు దెబ్బతిన్నదంటే మన ఇళ్ళలో మొదట అనుమానించేది ఆమె స్నేహితురాలినే. "ఆ పిల్ల పక్కన కూర్చోబెట్టకండి మేడమ్" అని ఎవరో ఒకరు అడగని పేరెంట్స్ మీటింగు నా ఇరవై యేళ్ళ టీచరు ఉద్యోగంలో ఒక్కటీ లేదు. మగపిల్లాడి విషయంలో చెడు సావాసం అంటే సిగరెట్టు, సినిమా, పోట్లాట. ఆడపిల్ల విషయంలో గట్టిగా నవ్వడం, ఎదురు ప్రశ్న వేయడం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. తోటిపిల్లల ప్రభావం గురించి మాట్లాడుతున్నామనుకుంటూ చాలాసార్లు మనం ఆడపిల్ల మీద కాపలా గురించే మాట్లాడుతుంటాం.

మరి ఆ ప్రభావాన్ని పిల్ల వైపు నుంచి చూస్తే ఎలా ఉంటుంది? ఈ ప్రశ్నకు నేను చదివిన వాటిలో అందరికంటే లోతుగా జవాబు చెప్పింది ఇటాలియన్ రచయిత్రి ఎలెనా ఫెర్రాంటే. అది కలం పేరు. తానెవరో ఆమె బయట పెట్టుకోలేదు. నాలుగు నవలల వరుసలో మొదటిదైన 'మై బ్రిలియంట్ ఫ్రెండ్' ఇటాలియన్‌లో 2011లో, ఆన్ గోల్డ్‌స్టైన్ ఇంగ్లీషు అనువాదంగా 2012లో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాతి నేపుల్స్‌లో ఒక పేద పేట. మునిసిపాలిటీ ఆఫీసులో చిన్న ఉద్యోగి కూతురు ఎలెనా, చెప్పులు కుట్టే ఫెర్నాండో కూతురు లీలా ఒకే క్లాసు పిల్లలు. కథ చెప్పేది ఎలెనా.

వీళ్ళ స్నేహం ప్రేమతో మొదలు కాదు. క్లాసులో ఫస్టు ఎలెనాయే, టీచరు ఒలివియెరోకు ముద్దుల విద్యార్థి. లీలా అల్లరిపిల్ల, ఒళ్ళంతా గాయాలు, మాసిన బట్టలు. అలాంటి పిల్ల ఎవరూ నేర్పకుండానే చదవడం, రాయడం నేర్చేసుకుందని ఒకరోజు టీచరుకు తెలుస్తుంది. ఎలెనా ఒక్కసారిగా రెండో స్థానంలో పడుతుంది. ఆ పిల్ల వెంటపడి నడవాలి, ఆమె విసుక్కున్నా సరే వదలకూడదని అప్పుడే నిర్ణయించుకుంటుంది. దీనికి ఫెర్రాంటే ఇచ్చిన కారణం నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎలెనా తల్లి కుంటుతుంది. తనకూ ఆ నడక వస్తుందేమోనని పిల్ల భయం. సన్నటి, చురుకైన కాళ్ళతో పరిగెత్తే లీలాతో సమానంగా నడిస్తే తల్లి నడక తనను పట్టుకోదని ఆమె నమ్మకం.

ఏ మనస్తత్వశాస్త్ర పాఠంలోనూ ఇంత సూటిగా చదవలేదు నేను. ఆడపిల్ల తోటిపిల్లను ఊరికే అనుకరించదు. తల్లి బతుకు తనకు రాకూడదనుకున్నప్పుడు, ఆ బతుకు నుంచి బయటికి పోయే దారి ఎవరి కాళ్ళకు తెలుసో వెతుక్కుంటుంది. అందులో అసూయ ఉంటుంది, భయం ఉంటుంది, ఒక రకం మొండి ఆరాధన కూడా ఉంటుంది. 'మంచి స్నేహం', 'చెడు స్నేహం' అని మనం పెట్టుకున్న రెండు డబ్బాల్లో ఏ ఒక్కదానిలోనూ ఇది ఇమడదు.

ఒలివియెరోకు పిల్లల మధ్య ఈ పోటీ శక్తి తెలుసు. దాన్ని వాడుకుంటుంది కూడా. ఆడపిల్లలకూ మగపిల్లలకూ లెక్కల పోటీలు పెట్టిస్తుంది. కూరగాయలమ్మేవాళ్ళ కొడుకు ఎంజోతో లీలా తలపడుతుంది. క్లాసులో జరిగినదానికి మగపిల్లలు వీధిలో రాళ్ళతో బదులు చెప్తారు. ఎంజో విసిరిన రాయి లీలా తలకు తగిలి రక్తం కారుతుంది. పోటీ పెట్టిన టీచరు ఆ వీధిలో లేదు! తెలివైన ఆడపిల్ల తన తెలివికి కట్టవలసిన పన్ను ఎక్కడ వసూలవుతుందో బడి చూడదు. రాయి విసిరినవాడు కూడా పేదవాడే, రేపోమాపో బడి వదిలి బండి లాగవలసినవాడే అన్న సంగతిని ఫెర్రాంటే మరిచిపోదు.

అయిదో తరగతి దగ్గర కథ విడిపోతుంది. అప్పటి ఇటలీలో ప్రాథమిక చదువు అయ్యాక మిడిల్ స్కూల్లో చేరాలంటే ప్రవేశపరీక్ష రాయాలి. అందరికీ ఒకే మిడిల్ స్కూలు అనే చట్టం 1962 చివరిలో గాని రాలేదు. టీచరు గట్టిగా చెప్పగా ఎలెనా తల్లిదండ్రులు ఎలాగో ఒప్పుకుంటారు. లీలా ఇంట్లో ఒప్పుకోరు. చదువుతానని పట్టుబట్టిన పదేళ్ళ పిల్లను తండ్రి కిటికీలోంచి విసిరేస్తే చెయ్యి విరుగుతుంది. లీలా 'నీలి దేవకన్య' అనే చిన్న కథ రాస్తుంది. ఎలెనా దాన్ని మురిసిపోతూ టీచరుకిస్తే, ఆవిడ ఒక్క మాట అనదు. పైగా ఆ పిల్లను మరిచిపో, నీ సంగతి చూసుకో అన్నట్టు హెచ్చరిస్తుంది. ఎన్నో యేళ్ళ తర్వాత, రెండో నవలలో, ఆ కాగితాలు ఎలెనా చేతికి తిరిగి వస్తాయి. అంచుల్లో టీచరు రాసిన మెప్పుకోళ్ళు! ఆవిడ చదివింది, మెచ్చుకుంది, పిల్లకు మాత్రం చెప్పలేదు. పరీక్ష రాయని పిల్లను మెచ్చుకుని ప్రయోజనమేమిటని కాబోలు. టీచరుగా ఈ పేజీ దగ్గర నేను పుస్తకం మూసి కూర్చున్నాను.

బడి మానేసిన లీలా చదువు మానదు. లైబ్రరీలో తన పేరుతోనే కాక తల్లి, తండ్రి, అన్న పేర్లతో కూడా పుస్తకాలు తెచ్చుకుంటుంది. చివరికి ఎక్కువ పుస్తకాలు చదివినవారికి బహుమతులిస్తే మొదటి నాలుగూ ఆ ఇంటివాళ్ళకే వస్తాయి. అయిదోది ఎలెనాకు. నవ్వొస్తుంది గాని ఆ నవ్వు గొంతులో ఆగిపోతుంది. మిడిల్ స్కూల్లో లాటిన్‌ రాక ఎలెనా తడబడినప్పుడు, వాక్యంలో ముందు క్రియను పట్టుకో, దాని కర్తెవరో ఆ తర్వాత వెతుకు అని దారి చూపింది చెప్పుల దుకాణంలో పనిచేస్తున్న లీలా. గ్రీకు కూడా ఆమే ముందు మొదలుపెడుతుంది. ఎలెనా ప్రోగ్రెస్ కార్డు మీద ఒక్క పేరే ఉంటుంది, ఆ మార్కులు మాత్రం ఇద్దరివి.

ఇంత ఇష్టపడుతూనే ఈ నవలతో నాకొక పేచీ ఉంది. అదే క్లాసులో వడ్రంగి కూతురు కార్మెలా, మిఠాయి చేసేవాళ్ళ కూతురు జిల్యోలా కూడా ఉన్నారు. వాళ్ళ చదువు ఎందుకాగిందని ఎవరూ అడగరు. లీలా మేధావి కాబట్టి ఆమె బడి మానడం విషాదమైంది. మరి మామూలు పిల్లకు చదువు హక్కు కాదా? ఇది ఎలెనా కన్ను. ఆ కంటికి ర్యాంకులు నేర్పింది బడి. రచయిత్రికి ఇది తెలియదని నేననను గాని, నాలుగు నవలల నిడివిలో కూడా ఆ ఇద్దరూ వెనక బెంచీ దాటి రారు.

దీనికి పక్కన ఇటలీలోనే 1967లో వచ్చిన 'టీచరమ్మకు ఉత్తరం' పెట్టి చూడాలి. బార్బియానా అనే కొండపల్లెలో లొరెంజో మిలానీ అనే ఫాదరు నడిపిన బడిలో, మామూలు బళ్ళు వెళ్ళగొట్టిన రైతుబిడ్డలు కలిసి రాసిన పుస్తకమది. అక్కడ వెనకబడ్డవాడి కోసం క్లాసు ఆగుతుంది. ముందు నేర్చినవాడు తర్వాతివాడికి టీచరవుతాడు. తోటివాళ్ళ ప్రభావాన్ని పోటీలోంచి బయటికి తెచ్చిన బడి అది. అయితే ఊళ్ళోంచి ఆడపిల్లలు ఆ బడికి రాలేదు. ఆడదానికి బుర్ర లేకపోయినా బతుకు గడుస్తుందనే పెద్దవాళ్ళ ఆలోచనే కారణం కావచ్చునని ఆ పిల్లలే రాశారు. ఫెర్రాంటేలో ఆడపిల్లలున్నారు, క్లాసు మొత్తం లేదు. బార్బియానాలో క్లాసు ఉంది, ఆడపిల్లలు లేరు.

మన దగ్గర సంగతేమిటి? ఇంటర్మీడియట్ కార్పొరేట్ కాలేజీల్లో మార్కులను బట్టి సెక్షన్లు విడదీస్తారు. మార్కులు తగ్గితే సెక్షను మారాలి, సెక్షనుతోపాటు స్నేహితురాలూ పోతుంది. పక్కనున్న పిల్ల తనకు లాటిన్ నేర్పే లీలా కాకుండా, తన చోటు లాక్కోబోయే నంబరుగా కనబడటం ఇక్కడే మొదలవుతుంది. ఇంకోవైపు, 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 యేళ్ళ స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. వీళ్ళలో బడికి వచ్చిన ప్రతి పిల్లా ఎవరో ఒకరి పక్కన కూర్చున్న పిల్లే. ఆ బెంచీలో ఖాళీ అయిన చోటు మిగిలిన పిల్లలకు పాఠం చెప్తూనే ఉంటుంది. ఒక పిల్ల భయపడి ఇంకా గట్టిగా చదువుతుంది. ఇంకో పిల్ల, సంబంధం వచ్చేదాకానే కదా ఈ చదువు అని పుస్తకం పక్కన పెడుతుంది. తోటిపిల్లల ప్రభావం మీద మనం పెట్టే మీటింగుల్లో దీని ప్రస్తావన రాదు. ఎవరు ఎవరిని చెడగొట్టారన్నదే చర్చ!

నవల పేరు వినగానే మేధావి లీలాయేననుకుంటాం. ఆ మాట మాత్రం లీలా నోటి నుంచి వస్తుంది, ఎలెనాను ఉద్దేశించి, పదహారేళ్ళకు తన పెళ్ళి జరుగుతున్న రోజున. నువ్వు చదువుతూనే ఉండు, కావాలంటే డబ్బు నేనిస్తానంటుంది. ఆగిపోయిన పిల్ల సాగుతున్న పిల్లకు అప్పగించిన పని అది. మన తరగతుల్లో ఇలాంటి అప్పగింతలు ఎన్ని జరుగుతున్నాయో హాజరుపట్టీ చెప్పదు. ఒక పేరు కొట్టేసే ముందు, ఆ పక్క పేరున్న పిల్లను పిలిచి నాలుగు మాటలు అడిగితే తెలుస్తుంది.